తొమ్మిదో పలక

అత్తగారు జీవితంలో ఎవరికీ ఏదీ వద్దని చెప్పి ఎరగదు. ఆ సంగతి ఇంట్లో అందరికంటే కోడలికి బాగా తెలుసు. పెళ్లయిన ఏడాదే పట్నంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు నుంచి రమ్మని ఉత్తరం వస్తే, చదువుకున్నదానివి, తప్పకుండా వెళ్లమంది. వెళ్లాల్సిన పొద్దున ఆవిడ మోకాలు పట్టేసింది. మూడేళ్ల తర్వాత ఇంకో పిలుపు వచ్చింది. అప్పుడూ వెళ్లిరమ్మనే అంది. ఆ రోజు ఆవు మేత ముట్టలేదు. అత్తగారు దాని పక్కనే నేలమీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం బస్సు వెళ్లిపోయాక ఆవు లేచి రెండు మోపుల గడ్డి తిన్నది. ఇవన్నీ నటనలని కోడలు ఎన్నడూ అనుకోలేదు. మోకాలు నిజంగానే వాచింది, కాపడం పెట్టింది తనే. కాకపోతే ఆవిడ ఒంట్లో జబ్బులూ, గొడ్డు ఒంట్లో జబ్బులూ ఆవిడ మనసెరిగి మసులుకుంటాయి, అంతే.

భర్త పాలవ్యాను నడుపుతాడు. తెల్లారకముందే పోయి దీపాలవేళకి వస్తాడు. మంచివాడు. అమ్మ సరేనంటే తనకేం అభ్యంతరం లేదంటాడు. అమ్మ సరేననే అంటుంది. కర్ర విరగదు, పాము చావదు. ఆ ఇద్దరి నడుమ ఏడేళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు వచ్చింది మూడో పిలుపు. పాత కట్టడాలను కొలిచి కాగితం మీదికెక్కించే ఆఫీసొకటి పట్నంలో తెరిచారు. వాళ్లకి కొలతలు తీసే మనిషి కావాలి. యాభై ఏళ్లు పైబడిన కట్టడం ఒకదాన్ని ఎవరి సాయమూ లేకుండా కొలిచి, మూలమూలకీ గీసి, ఆ కాగితాలు స్వయంగా తెచ్చి చూపించాలి. వయసు ముప్పై మూడు దాటకూడదు. వచ్చే నెలతో ఆమెకి ముప్పై మూడు నిండుతాయి. కాగితాలు ఇవ్వడానికి గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలు. నాలుగో పిలుపంటూ ఉండదు.

ఆమె కొలిచినది ఎక్కడో ఉన్న కోటనీ, మేడనీ కాదు. ఇంటి వెనకున్న చెక్క కొట్టాన్ని.

గడ్డీ, గింజలూ దాచుకోవడానికి మామగారి తండ్రి కట్టించిన కొట్టం అది. అత్తగారు కాపురానికి వచ్చిన ఏడు కట్టారట. అంటే యాభై రెండేళ్లు. ఎనిమిది నెలలుగా వంటపని అయ్యాక టేపూ పెన్సిలూ పట్టుకుని ఆమె అందులో దూరేది. ఇరుగుపొరుగు వాళ్లు టేపు కోడలని పేరు పెట్టారు. ఓసారి పక్కింటావిడ గోడమీదుగా చూసి, "ఏమ్మా, కొట్టానికి జాకెట్టు కుట్టిస్తున్నావా?" అని అడిగింది. అవునండీ, చంకల దగ్గర పట్టేస్తోందట అని కోడలు జవాబిచ్చింది. 

ఆ కొట్టం మొత్తంలో ఇనుప మేకు ఒక్కటి లేదు. దూలం చివరను నాలుకలా చెక్కి, స్తంభానికి తొలిచిన బెజ్జంలో దూర్చి, రెండింటినీ కలుపుతూ చెక్కతో చేసిన చీల దిగగొట్టారు. ప్రతి అతుకు దగ్గరా రెండు చెక్కల మీదా ఉలితో ఒకే గుర్తు ఉంటుంది. ఒక గీతకి ఒక గీత, పిట్టకాలు గుర్తుకి పిట్టకాలు గుర్తు. ఏ దూలం ఏ స్తంభానికి చెందినదో, ఏది పైకి, ఏది కిందికి, చదువు రానివాడు కూడా పోల్చుకునేలా. బాడిసెతో చెక్కిన గాట్లన్నీ ఒకే పక్కకి, మామూలు పనివాడి గాట్లకి ఎదురుపక్కకి వాలి ఉన్నాయి. వడ్రంగిది ఎడమచేతి వాటమని ఆమెకి నెలరోజులకి అర్థమైంది. అత్తగారిని అడిగితే, అవును, ఎడంచేతి వడ్రంగి అనే పిలిచేవాళ్లం అంది. అంతకుమించి చెప్పలేదు.

పడమటి వైపు పాత పంచ విప్పేసిన చోట మూడు అతుకులు తెరుచుకుని ఉన్నాయి. చీల దిగాల్సిన బెజ్జాలు స్తంభంలోనూ నాలుకలోనూ సరిగ్గా ఎదురెదురుగా లేవు. వెంట్రుకవాసి పక్కకి జరిగాయి. పని రానివాడి పొరపాటని ఆమె ముందు అనుకుంది. మూడింట్లోనూ అదే తేడా, అదే పక్కకి ఉండటం చూశాక నాలుక కరుచుకుంది. ఆ తేడా వల్లే చీల లోపల కొంచెం వంగి, దూలాన్ని స్తంభంలోకి లాగి పట్టుకుంటుంది. ఎండలకి చెక్క ఎంత కుంచించుకున్నా, వానలకి ఎంత ఉబ్బినా ఆ పట్టు సడలదు.

ఒక్కచోట మాత్రం ఆమె వడ్రంగిని క్షమించలేదు. ఉత్తరపు గోడలో పలకలన్నీ తొమ్మిదేసి అంగుళాల వెడల్పు. వాకిలి వైపు నుంచి తొమ్మిదోది మాత్రం పద్నాలుగు. దాని తలమీద దిగగొట్టిన చీల కూడా మిగతావాటిలా గోడతో సమంగా కోసి లేదు, బొటనవేలంత పొడుగున కొట్టం లోపలివైపుకి పొడుచుకొచ్చి ఉంది. చివరిరోజున కూలి చేతపడగానే తొందరపడ్డాడనుకుని, డ్రాయింగులో ఆ పలక పక్కన చిన్న అక్షరాలతో 'పొరపాటు' అని రాసింది. రాశాక ఎందుకో మనసొప్పక, ఆశ్చర్యార్థకం కాకుండా ప్రశ్నార్థకం పెట్టింది.

ఈ రోజు అత్తగారి మోకాలు బాగానే ఉంది. ఆవు మేత తిన్నది. చుట్టాలెవరూ రాలేదు. ఆ నెమ్మది చూస్తేనే కోడలికి లోపల గుబులుగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి చీర మార్చుకుని, డ్రాయింగుల చుట్టని సంచిలో పెట్టుకుంది. మూడు గంటల బస్సు వాగు దాటి వంపు దగ్గర ఆగుతుంది. ఇంటినుంచి వంపు దాకా ఏడు నిమిషాల నడక. చివరిసారిగా కాగితాలు తిరగేస్తుంటే నాలుగో దాని మీద చూపు ఆగింది. పై దూలానికీ కొప్పుకీ మధ్య ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలు. ఆ అంకె లేత పెన్సిలుతో ఉంది. ఆ రోజు నిచ్చెన మెట్టు విరిగి పైకెక్కలేక, కింద నుంచి అంచనా వేసి రాసిన అంకె అది.

ఆ ఆఫీసు వాళ్లు ఎవరూ నిచ్చెనేసుకుని వచ్చి చూడరు. ఆ మాట తనకి తనే రెండుసార్లు చెప్పుకుంది. అయినా ఆ అంకె కంట్లో నలుసులా ఉండిపోయింది. అన్నంలో రాయి ఉందని తెలిసీ వడ్డించే మనిషి కాదామె. 

వెనకవైపు అరుగు మీద అత్తగారు చేటలో కాయలు పోసుకుని గింజలు ఒలుస్తోంది. వెళ్లొస్తానని చెబితే, "క్షేమంగా వెళ్లిరా తల్లీ" అంది. కొట్టంలో చిన్న కొలత మిగిలిపోయిందని, అది చూసుకుని అటునుంచి అటే పోతానని చెప్పింది కోడలు. అత్తగారు తలూపింది.

కొట్టం తలుపుకి ఉన్న గడియ కూడా ఆ వడ్రంగి తెలివే. బయటివైపు బరువైన చెక్క గడియ. తలుపు మూస్తే దానంతటదే పడుతుంది. బయటినుంచి వేలితో ఎత్తితే లేస్తుంది. తూకం అంత చక్కగా కుదిరింది. లోపలున్నవాళ్లు తీసుకోవడానికి చిన్న బెజ్జంలోంచి తాడొకటి ఉండేది. పోయిన వానాకాలం అది చివికి తెగింది. రేపు కడతానన్నాడు భర్త. ఆ రేపు ఇంకా రాలేదు. అందుకే ఆమె ఎప్పుడు లోపలికెళ్లినా తలుపుకి ఒక రాయి అడ్డం పెడుతుంది. ఇవాళా పెట్టింది.

బాగుచేయించిన నిచ్చెనెక్కి, అటక మీంచి పై దూలం మీదికి చేరి టేపు సాచింది. ఏడడుగుల ఆరంగుళాలు. రెండంగుళాలు తేడా. పాత అంకె చెరిపి, కొత్తది ముదురుగా రాసి, గాలి ఊది, చుట్టేసింది. ఒళ్లు తేలికపడింది. అప్పుడే కింద టక్కుమని చప్పుడైంది, వెలుగు పోయింది.

గాలి అనుకుంది ముందు. కానీ ఆకు కదలని మధ్యాహ్నం అది. అత్తగారి అలవాటనుకుంది తర్వాత. తెరిచిన తలుపు కనబడితే మూయకుండా ఆవిడ అడుగు ముందుకి పడదు. ఎవరి ఇంటికెళ్లినా అంతే. ఓ పెళ్లిలో వంటవాళ్లు లోపలుండగా సామాన్ల గదికి గొళ్లెం పెట్టి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కోడలు తడుముకుంటూ నిచ్చెన దిగి, తలుపు తట్టింది.

"అత్తయ్యా! నేను లోపలున్నాను. తలుపు తీయండి."

 తలుపు అడుగున పిల్లి తిరగడానికి తొలిచిన కంత ఉంది. ఎలుకలు పట్టే పిల్లికి కూడా దారి ఆలోచించాడు ఆ మహానుభావుడు. ఆమె చీర పాడవుతుందని చూసుకోకుండా నేలమీద బోర్లా పడుకుని అందులోంచి చూసింది. అత్తగారి పాదాలు కనిపించాయి. వెడల్పాటి పాదాలు, మడమలు పగిలి, కుడికాలి చిటికెనవేలు పక్కదాని మీదికెక్కి ఉంటుంది. మళ్లీ పిలిచింది.

"ఎవరూ?" అంది అత్తగారు.

"నేనేనండీ. గడియ పడిపోయింది. కాస్త ఎత్తండి, బస్సుకి టైమైపోతోంది."

 "ఎత్తుతున్నా. రావట్లేదమ్మా. వానలకి ఉబ్బినట్టుంది. అబ్బాయి వచ్చాక వాడే తీస్తాడులే."

వానలు పడి నెల దాటింది. కోడలు కంతలోంచి చూస్తూనే ఉంది. పాదాలు కదల్లేదు. తలుపుకీ వాటికీ మధ్య దూరం మూడడుగులుంటుంది. అక్కడినుంచి అత్తగారి చెయ్యి గడియకి అందదు. టేపు పెట్టి చూడాల్సిన పని కూడా లేదు. పైగా ఆ గడియని వేలితో తాకితే చాలు, కిర్రుమని చిన్న చప్పుడొస్తుంది. ఎనిమిది నెలలుగా రోజూ వింటున్న చప్పుడు. అది రాలేదు.

తలుపుకి అడ్డం పెట్టిన రాయి గోడవారన, దారికి తగలకుండా, పొందిగ్గా పెట్టి ఉంది.

ఆమె నోరు కంత దగ్గరికి తెచ్చింది. గొంతు మాత్రం ఎత్తలేదు.

"అత్తయ్యా, మీరు గడియ ముట్టుకోలేదు."

పాదాలు ఒకదాని మీద ఒకటి రాసుకున్నాయి.

"గింజలు ఒలిచేది ఇంకా చాలా ఉంది" అంది అత్తగారు. పాదాలు కంతలోంచి తప్పుకున్నాయి. అరుగు మీద చేట లాక్కున్న చప్పుడు, ఆ తర్వాత గిన్నెలో గింజలు పడే చప్పుడు. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి.

చేతి గడియారంలో రెండూ ఇరవై రెండు. 

గట్టిగా అరవొచ్చు. పక్కింటావిడ పరిగెత్తుకొస్తుంది. రేపటికల్లా అత్త కోడల్ని కొట్టంలో పెట్టి గడియేసిందని నాలుగు వీధుల్లో చెప్పుకుంటారు, ఆ తర్వాత ఇదే ఇంట్లో ఇదే మనిషితో వండుకు తినాలి. మింగలేదు, కక్కలేదు. తాడు బెజ్జంలోకి పెన్సిలు దూర్చి చూసింది. వాన లోపలికి కొట్టకుండా వడ్రంగి ఆ బెజ్జాన్ని ఏటవాలుగా తొలిచాడు. పెన్సిలు సగంలో ఆగిపోయింది. పిల్లి కంతలోంచి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పట్టింది, గడియ అక్కడికి మూడడుగుల పైన ఉంది. భుజంతో తలుపుని నెట్టింది. తలుపు ఒకవేళ మాట్లాడగలిగితే, ఇంతేనా అని అడిగేది.

పలకల మధ్య సందులైనా దొరుకుతాయేమోనని గోడ వెంట వేళ్లు రాస్తూ నడిచింది. దొరకవని ఆమెకే బాగా తెలుసు. గడ్డికి చెమ్మ తగలకూడదని ప్రతి పలక అంచునీ పక్క పలక గాడిలో కూర్చాడు. వేలిగోరు దూరదు. పెకలిద్దామంటే మేకులు లేవు. చీలలు దశాబ్దాల పాటు బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంతకాలం ఏ పనితనాన్ని చూసి మురిసిపోయి గీత గీతా గీసిందో, అది ఇప్పుడు ఆమెని నాలుగు పక్కలా పట్టుకుని కూర్చుంది. ఒక్క అతుకైనా బద్ధకంగా చేసి ఉండకూడదా అని ఆ పోయినాయన్ని తిట్టుకుంది.

గడ్డి దుమ్ము గొంతులో పడి దగ్గొచ్చింది. కొప్పు కింద వేడి పేరుకుని ఉంది. జాకెట్టు వీపుకి అంటుకుంది. గడ్డిమోపు మీద కూలబడి, కుడితిలో పడ్డ ఎలుక బతుకైందనుకుంది. ఏడుపొస్తుందేమోనని చూసింది, రాలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా సంచిలోకి పోయి కాగితాల చుట్టని బయటికి తీసింది. పైనున్న చిన్న గాలి కిటికీలోంచి పడే వెలుగులో వాటిని గడ్డిమీద పరిచింది. దూలాలు, స్తంభాలు, గుర్తులు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏడడుగుల ఆరంగుళాలు కూడా. ఆ రెండంగుళాల కోసమే కదా ఇప్పుడిక్కడ.

ఉత్తరపు గోడ కాగితం దగ్గర వేలు ఆగింది. తొమ్మిదో పలక. పద్నాలుగు అంగుళాలు. పొడుచుకొచ్చిన చీల. పొరపాటు?

ఇన్ని అతుకుల్లో వెంట్రుకవాసి తప్పనివాడు, పిల్లికి దారి మర్చిపోనివాడు, ఒకే పలక దగ్గర రెండు తప్పులు చేస్తాడా?

ఉత్తరపు గోడకి ఆనించి నిలువెత్తు గడ్డి పేర్చి ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక్కో మోపూ లాగి పక్కకి విసిరింది. పలక బయటపడింది. పైన, తలకి కాస్త ఎత్తులో, చీల. దగ్గరగా చూస్తే అది గోడలోకి తిన్నగా కాక ఏటవాలుగా కిందికి దిగి ఉంది. చివర మెడలాగా సన్నగా చెక్కి, ఆపైన తల ఉంచాడు. చేత్తో పట్టి లాగితే కదల్లేదు. మూలనున్న కొయ్యసుత్తి తెచ్చి తలమీద ఒకటి వేసింది. ఇంకొకటి. చీల ఇంకాస్త లోపలికి దిగింది. మూడో దెబ్బకి తలలో సన్నటి చీలిక కనబడింది. 

గింజల చప్పుడు ఆగిపోయింది.

కోడలు సుత్తి ఎత్తి పట్టుకుని చెవి ఒగ్గింది. అరుగు దిగిన అడుగులు కొట్టం చుట్టూ తిరిగి, చేను పక్కనున్న ఉత్తరపు గోడ దగ్గరికి నెమ్మదిగా వచ్చాయి. కుడికాలు కాస్త ఈడుస్తూ. సరిగ్గా తొమ్మిదో పలక వెనక ఆగాయి. పలక ఎంత మందమో ఆమెకి తెలుసు, ఒకటిన్నర అంగుళం. అవతలి ఊపిరి వినబడుతోంది.

"పైనుంచి కొట్టకు" అంది అత్తగారు. "విరుగుతుంది. కిందనుంచి పైకి కొట్టు. రెండు దెబ్బలు చాలు."

కోడలు చెయ్యి దించేసింది.

"ఇది మీకెలా తెలుసు?"

అత్తగారు చెప్పింది. గోడకి అటువైపు నుంచి, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. కొట్టం కట్టేటప్పుడు వడ్రంగికి మంచినీళ్లు అందించే పని కొత్తకోడలిదట. ఎడమచేత్తో పని చెయ్యడం ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెంబు పట్టుకుని అలా నిలబడిపోయేదట. ఈ ఒక్క పలకా వెడల్పుగా ఎందుకు పెడుతున్నావని అడిగితే, గడ్డి ఉన్నచోట నిప్పుకి భయపడాలి తల్లీ, తలుపొక్కటే దారైతే లోపలున్న మనిషి గతేంటి అన్నాడట. చీల తీసి పలకని పైకెత్తి చూపించాడట. పై గాడి లోతుగా తొలిచి ఉంది, పలక అందులోకి లేస్తుంది, అడుగు వదులై మొత్తం ఊడి వస్తుంది. ఇంట్లో మగవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. వాళ్లెప్పుడూ ఆయన్ని ఎంతలో అవుతుందనే తప్ప ఏం చేస్తున్నావని అడగలేదు.

మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, వాకిట్లో ఆవిడ మామగారు మంచమేసుకుని పడుకుని ఉంటే, ఆవిడ బట్టల మూట పట్టుకుని ఈ పలక ఎత్తుకుని వెళ్లిపోయింది. ఏం జరిగిందో ఆవిడ చెప్పలేదు, కోడలు అడగలేదు. వంపు దాకా నడిచి మైలురాయి మీద కూర్చుంది.

"బస్సు రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"పాలు పితికే వేళయింది" అంది అత్తగారు.

వచ్చి, ఇదే దారిన లోపలికి దూరి, పలక దింపి, చీల కొట్టి, చెంబు పట్టుకుని ఆవు దగ్గరికి పోయింది. ఎవరికీ తెలియలేదు. మూట విప్పడానికి మాత్రం రెండురోజులు పట్టిందట. 

కోడలు వెలుగులోకి మణికట్టు తిప్పింది. గడియారం రెండూ నలభై మూడు చూపిస్తోంది.

"తలుపెందుకు వేశారత్తయ్యా?"

"నువ్వు నాలాంటిదానివి కాదు. నువ్వు బస్సెక్కుతావు."

ఆ మాటలో నిందా లేదు, మెప్పూ లేదు. కాయ పుచ్చా మంచిదా అని చూసి చెప్పినట్టు చెప్పింది. కోడలు సుత్తి కిందికి తిప్పి పట్టుకుని, చీల తలని అడుగునుంచి పైకి కొట్టింది. మొదటి దెబ్బకి కిర్రుమంది. రెండో దెబ్బకి పొడుగాటి చీల, ఎండిన బెండులా తేలిగ్గా, ఆమె చేతిలోకి వచ్చింది. పలక కింద వేళ్లు పెట్టి ఎత్తబోతే లేవలేదు. అటువైపునుంచి కూడా ఎవరో ఎత్తుతున్నట్టు తెలిసింది. ఇద్దరి ఎత్తుకీ పలక పైగాడిలోకి జరిగింది, అడుగు వదిలింది. అత్తగారు దాన్ని లాగి పక్కన పెట్టింది, ఎండ ఒక్కసారిగా కాళ్లమీద పడింది.

ముందు కాగితాల సంచి బయటికి అందించింది. అత్తగారు పుచ్చుకుంది. ఆ క్షణంలో కోడలికి ఒక భయం కలిగింది, ఆ సంచితో ఆవిడ వెనక్కి తిరిగి నడిచిపోతే? ఆవిడ పోలేదు. సంచిని చంకలో ఇరికించుకుని, ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది.

పద్నాలుగు అంగుళాల్లో భుజం పట్టింది, తల పట్టింది, నడుము దగ్గర ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. సగం కొట్టంలో, సగం చేలో.

"పక్కకి తిరుగు" అంది అత్తగారు. "నేను మూటతో సహా దూరాను ఇందులో."

"మీకప్పుడు పద్దెనిమిదేళ్లు."

"నీ వంట నువ్వే తింటే ఇంతే." ఆవిడ మోచెయ్యి పట్టి గట్టిగా లాగింది. మోకాలు నొప్పి మనిషి లాగుడు కాదది. చీర ఎక్కడో పర్రుమంది, కోడలు గట్టుమీద మోకాళ్లమీద పడింది.

లేచి నిలబడ్డాక ఇద్దరూ ఒకరినొకరు సరిగ్గా చూసుకోలేదు. అత్తగారు ఆమె జుట్టులోంచి గడ్డిపరకలు రెండు తీసిపారేసింది, మూడోది వదిలేసింది. సంచి ఇచ్చింది. అప్పుడు దూరంగా వాగు మీద బస్సు వంతెన ఎక్కుతున్న గడగడ వినిపించింది. 

"సాయంత్రం ఎప్పుడొస్తావు?" అంది అత్తగారు.

ఇలాంటి ప్రశ్నకి ఏడేళ్లుగా ఒకటే జవాబు. కోడలు సంచి భుజానికి తగిలించుకుంది.

"పాలు పితికే వేళకి రాలేనత్తయ్యా."

"నేనడిగానా?" అంది ఆవిడ.

చేను గట్టు వెంట పరిగెత్తింది. వంపు దగ్గరికి చేరేసరికి బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది. చెయ్యెత్తి, ఆయాసం తీర్చుకుంటూ ఒక్కసారి వెనక్కి చూసింది. కొట్టం ఉత్తరపు గోడ అక్కడినుంచి పూర్తిగా కనిపిస్తుంది. పన్నూడిన నోటిలా ఒకచోట నల్లటి సందు. దాని ముందు అత్తగారు పలకని రెండు చేతులా ఎత్తి గాడిలో పెట్టడానికి తంటాలు పడుతోంది. పలక కూర్చోవడం లేదు. పలక మీదున్న పిట్టకాలు గుర్తు కిందికి ఉండాలి. నేలచెమ్మకి నల్లబడిన అడుగు కొస పైకి కనబడుతోంది, ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుంది. కళ్లజోడు అరుగు మీద చేటలో మర్చిపోయి ఉంటుంది. అలాగే బలవంతంగా కొడితే గాడి అంచు చిట్లిపోతుంది. యాభై రెండేళ్ల గాడి.

కోడలు కాలు ఒక అడుగు వెనక్కి పడింది. ఎంతసేపు పని, రెండు నిమిషాలు. అటు తిప్పండి అని ఒక్క కేక వేస్తే చాలు, వినబడినా వినబడుతుంది.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు తెరిచి, ఎక్కుతారా, చూస్తూ నిలబడతారా అని అడిగాడు.

ఆమె ఎక్కింది. కుడివైపు సీటు ఖాళీగా ఉంది, అక్కడినుంచైతే కొట్టం కనిపిస్తుంది. ఎడమవైపు కూర్చుంది. సంచిలోంచి ఉత్తరపు గోడ కాగితం తీసి, ఊగే బస్సులో పెన్సిలు జారకుండా పట్టుకుని, 'పొరపాటు?' అన్న మాటని రబ్బరుతో తుడవడం మొదలుపెట్టింది.